మీకు తెలుసా? ఇంటికప్పు మీద మొదలైన నాటకం

తెర లేవగానే ఒకావిడ ఇంటికప్పెక్కి సుత్తితో మేకులు దిగ్గొడుతుంటుంది. ఆవిడకు ఊళ్లో మంచి రోడ్డు కావాలి, చెల్లెలికేమో కొత్త టాయిలెట్! అలాంటి ఏడుగురు ఆదివాసీ స్త్రీలు డబ్బు కూడబెట్టుకుని, ప్రపంచంలోకెల్లా పెద్ద బింగో ఆటకు టొరంటో బయల్దేరడమే ‘ద రెజ్ సిస్టర్స్’. కెనడాలో 1986లో సంచలనం రేపిన ఈ నాటకాన్ని రాసింది క్రీ తెగకు చెందిన టామ్సన్ హైవే. ఇందులో పక్షి రూపంలో తిరిగే నానబుష్ అనే మాయావి పాత్రలో ఆయన తమ్ముడు రెనే నర్తించారు.

హైవే 1951లో ఉత్తర మానిటోబాలో వేటగాళ్ల కుటుంబంలో పుట్టారు. పసివయసులోనే ఇంటికి దూరం చేసి రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. పియానో నేర్చారు, ఏళ్లపాటు సామాజిక సేవ చేశారు, ఆ తర్వాతే నాటకరంగం. టొరంటోలోని ‘నేటివ్ ఎర్త్’ నాటక సంస్థను 1992 దాకా నడిపించారు. ఆదివాసీ పాత్రలను జాలిపడాల్సిన బొమ్మల్లా కాక, పగలబడి నవ్వే మనుషులుగా నిలబెట్టడమే ఆయన సాధించిన అసలు విజయం.