వీధి బాగుకు డబ్బులెవరు పెట్టాలి?



సెలవలకు ఇంటికి వెళ్ళినప్పుడు మన ఊళ్ళల్లో ఏదో ఒక పని గురించి మాట నడుస్తూ ఉంటుంది. కుళాయిలు వేస్తారంట, సిమెంటు రోడ్డు పోస్తారంట, స్తంభానికి లైటు కడతారంట. ఆ వెంటనే రెండో మాట వస్తుంది: "ఇంటికింత ఇయ్యాలంట." ఇక గొడవ మొదలు. పన్ను కడుతున్నాం గదా, మళ్ళీ ఎందుకని కొందరు. ఇచ్చింది ఎవరి జేబులోకి పోతుందోనని కొందరు. లేనివాళ్ళు ఎక్కడినుంచి తెస్తారని కొందరు. మూడూ న్యాయమైన ప్రశ్నలే. జవాబులు మనం తెలుసుకుంటే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పవచ్చు.

పంచాయతీకి డబ్బు ఎట్లా వస్తుంది?

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీలకు రాజ్యాంగంలో చోటు దక్కింది. రాష్ట్ర చట్టం ప్రకారం అవి పన్నులు వేసుకోవచ్చు. ఇంటి పన్ను, కుళాయి రుసుము, సంత ఆశీలు వంటివి పంచాయతీ సొంత రాబడి. కాని మన ఏజెన్సీలో చిన్న చిన్న ఇళ్ళు. వాటి మీద వచ్చే పన్నుతో వీధిలైట్ల కరెంటు బిల్లు కట్టడమే కష్టం, రోడ్డు ఎక్కడ పోస్తారు?

అందుకని పెద్ద పనులకు పైనుంచి వచ్చే నిధులే దిక్కు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే వాడాలని షరతు పెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చని, జీతాలకు మాత్రం వాడరాదని చెప్పింది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు ఆందోళనకు దిగారు. బకాయి కట్టక తప్పదన్నది ఒక వాదన. మమ్మల్ని అడగకుండా మా ఖాతాలోంచి ఎట్లా తీస్తారన్నది రెండో వాదన.

పన్ను కట్టాక మళ్ళీ వాటా ఎందుకు?

పన్ను ఏటా కట్టేది, వాటా ఒక పనికి ఒక్కసారి ఇచ్చేది. ఊరివాళ్ళు కూడా కొంత పెడితే పనిని తమదిగా చూసుకుంటారని ప్రభుత్వం చెప్పే కారణం. 1997 జనవరి 1న మొదలైన జన్మభూమిలో ప్రజల వాటా డబ్బుగానో, సామానుగానో, శ్రమదానంగానో ఇచ్చేవారు. కొన్ని పనులు బాగా జరిగాయి. కొన్నిచోట్ల ప్రజల పేరు మీద కాంట్రాక్టరే వాటా కట్టి, ఆ డబ్బు పనిలోనే రాబట్టుకున్నాడన్న విమర్శ కూడా వచ్చింది. అట్లా జరిగితే నష్టం ఎవరికి? నాలుగు వానలకే పగిలిపోయే రోడ్డు మీద నడిచేవాళ్ళకే.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ఊరి లోపలి పనుల ఖర్చులో ప్రజల వాటా మామూలు ఊళ్ళకు 10 శాతం. కొండ, అటవీ ప్రాంతాలకు, ఎస్సీ ఎస్టీ జనాభా సగానికి మించిన ఊళ్ళకు 5 శాతం. మన గూడేలన్నీ ఈ 5 శాతంలోకే వస్తాయి. 10 అడిగితే ఎందుకని అడగాలి.

ఒక లెక్క వేద్దాం. 40 ఇళ్ళ గూడెంలో పని విలువ 4 లక్షలు అనుకోండి. 5 శాతం అంటే 20,000. ఇంటికి 500. చేతిలో డబ్బు లేనివాళ్ళు పైపుల కోసం గోతులు తవ్వి కూలి రూపంలో ఇవ్వవచ్చు. రోజుకూలి 250 వేసుకుంటే రెండు రోజుల పని.

మరి ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు? తవ్వలేరు, ఇవ్వలేరు. ఇంటింటికీ ఒకే మొత్తం అన్నది పైకి సమానంగానే కనిపిస్తుంది, కాని 500 అందరికీ ఒకే బరువు కాదు. వాళ్ళ వంతు మిగతావాళ్ళు పంచుకోవాలా అన్నది పని మొదలవక ముందే తేల్చుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. కొండ ఊటనుంచి పైపులో దిగివచ్చే నీళ్ళు పల్లంలో ఇళ్ళకు జోరుగా వస్తాయి, మిట్టమీద ఇళ్ళకు సన్నగా వస్తాయి. డబ్బు సమానం, నీళ్ళు సమానం కాదు. ట్యాంకు ఎక్కడ కట్టాలో, వాల్వు ఎక్కడ పెట్టాలో ముందే మాట్లాడుకుంటే ఈ తగవు సగం తగ్గుతుంది.

వేశాక ఖర్చు ఆగిపోదు. బోరు మోటారుకు కరెంటు కావాలి. ఊట నీళ్ళకు కరెంటు అక్కరలేదు గాని ట్యాంకు కడగాలి, పైపు పగిలితే అతకాలి, క్లోరిన్ వెయ్యాలి. నెలకు ఇంటికి పదో ఇరవయ్యో దాచుకోని ఊళ్ళో కుళాయి ఒక్కసారి చెడితే, ఆడవాళ్ళు మళ్ళీ బిందె పట్టుకుని గెడ్డకే పోవాలి.

లెక్క అడిగే హక్కు

1996 డిసెంబరు 24న వచ్చిన పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో ఊరి పనుల ప్రణాళికను ముందు గ్రామసభ ఆమోదించాలి. పని అయ్యాక ఆ నిధులు సక్రమంగా ఖర్చయ్యాయన్న ధ్రువపత్రం కూడా గ్రామసభే ఇవ్వాలి. అంటే మన అమ్మానాన్నలు ఒప్పుకుంటేనే లెక్క పూర్తయినట్టు. కాగితంమీద వేలిముద్ర వేసేముందు అందులో ఏముందో చదివి వినిపించమనడం వాళ్ళ హక్కు.

2005 సమాచార హక్కు చట్టం కింద కూడా లెక్క అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకు ఎక్కడా లేదు. జవాబుకు గడువు 30 రోజులు.

మనం ఏం చెయ్యగలం?

1. డబ్బు ఇచ్చినవాళ్ళకు రసీదు ఉందా, అందులో అంకె సరిగా ఉందా చూడాలి.
2. పని అంచనా ఎంత, వాటా ఎంత, ఎన్ని ఇళ్ళు కట్టాయి అన్నవి పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాలి. గోడపత్రిక రాసే మనకు ఇది కష్టం కాదు.
3. గ్రామసభ ఎప్పుడో కనుక్కుని అమ్మనుకూడా వెళ్ళమనాలి. నీళ్ళు మోసేది ఆమే గనక పైపు ఎటు పోవాలో ఆమెకే బాగా తెలుసు.

డబ్బు ఇవ్వం అనడం ఒక పద్ధతి, అడిగినంతా ఇచ్చేసి ఊరుకోవడం ఇంకో పద్ధతి. ఇచ్చి, లెక్క అడగడం మూడోది. మన ఊళ్ళల్లో చదువుకున్నవాళ్ళు తక్కువ కాబట్టి, ఆ మూడోది మనం సాయం చేస్తేనే జరుగుతుంది.

— పదో తరగతి విద్యార్థి