ఎడారి మొక్కకు నీళ్లే గండం

పిడుగురాళ్ల: సున్నపు బట్టీల ఊరు కాబట్టి ఇక్కడి పూలకుండీలకు దుమ్ము బెడద తప్పదు. మెక్సికో నేలల నుంచి వచ్చిన బుల్లి కాక్టస్ మామిల్లేరియాకు మాత్రం దుమ్ముకన్నా యజమాని చేతిలోని చెంబే ప్రమాదం. రోజూ నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లుతాయి. పైకి పచ్చగానే కనిపిస్తుంది గనుక, మొదలు మెత్తబడ్డాక గాని సంగతి తెలియదు.

పత్తి, మిరప పండే నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది. దీనికి అది పనికిరాదు. సగానికి పైగా ముతక ఇసుక, ఇటుక ముక్కలు, మిగతా ఎర్రమట్టి, కాస్త చివికిన ఎరువు కలిపి, అడుగున చిల్లున్న మట్టికుండీలో నాటాలి. మట్టి పూర్తిగా ఎండాకే మళ్లీ నీరు పోయాలి. వానాకాలంలో కుండీని చూరు కిందికి చేర్చాలి. ఎడారి మొక్కే అయినా మే నెల మధ్యాహ్నపు ఎండకు మాడిపోతుంది, కాస్త నీడ కావాలి. సున్నపు దుమ్మును పొడి కుంచెతోనే దులపాలి. నీళ్లు చల్లితే పూతలా అంటుకుంటుంది.

చలికాలంలో నీరు బాగా తగ్గిస్తే, ఆ తర్వాత తల చుట్టూ గులాబీ రంగు పూలు దండలా విచ్చుకుంటాయి.

చేలగట్ల మీది నాగజెముడు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిన కాక్టసే. 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన కోచినీల్ పురుగు దక్షిణాదిన దాన్ని చాలాచోట్ల తుడిచిపెట్టింది. దానికి దగ్గరి చుట్టమే పత్తి రైతులకు తెలిసిన పిండినల్లి. ముళ్ల సందుల్లో దూదిలా అది కనిపిస్తే, స్పిరిట్‌లో ముంచిన దూదితో వెంటనే తుడవాలి.