రూపాయి బిళ్ళంత జెట్ ఇంజిన్

పోయిన సెమిస్టర్ సెలవుల్లో ఊరికి రాకుండా హాస్టల్లో ఏం చేస్తున్నావని అమ్మ అడిగితే, "ఇంజిన్ చేస్తున్నానమ్మా" అన్నాను. "ప్రాజెక్టా నాన్నా?" అంది. ఔననలేదు, కాదనలేదు. నిజంగానే ఇంజిన్ చేస్తున్నాను. కాకపోతే దాని పొడవు 12 సెంటీమీటర్లు, లావు పాత రూపాయి బిళ్ళంత.

మోడల్ విమానాల కిట్లు మీలో చాలామంది చూసే ఉంటారు. ప్లాస్టిక్ ముక్కలు విరిచి, అతికించి, రంగులేస్తే విమానం వస్తుంది. దాని చుట్టూ నేల, మనుషులు, నిచ్చెనలు, పీపాలు పెట్టి ఒక దృశ్యంగా చేస్తే దాన్ని డయోరమా అంటారు. కిట్‌లో రాని వస్తువుని ప్లాస్టిక్ షీటు, తీగ, పైపు ముక్కలతో మొదటినుంచీ మనమే చేసుకుంటే అది స్క్రాచ్ బిల్డింగ్. కొన్ని కిట్లలో ఇంజిన్ కూడా ఇస్తారు గానీ, పైపులన్నీ బాడీకే అతుక్కుపోయి, సబ్బు మీద గీసిన గీతల్లా ఉంటాయి. ఇంజిన్ కవర్ తెరిచి చూపించాలంటే అది చాలదు.

నేను ఎంచుకున్నది జర్మన్ల మెసర్‌ష్మిట్ మీ 262, యుద్ధంలోకి దిగిన మొదటి జెట్ ఫైటర్. 1942 జూలై 18న ఒక్క జెట్ ఇంజిన్లతోనే మొదటిసారి గాల్లోకి లేచింది. ఒక్కో రెక్క కింద ఒక్కో జుమో 004 ఇంజిన్ ఉంటుంది. దాన్ని డిజైన్ చేసింది యుంకర్స్ కంపెనీలో ఆన్సెల్మ్ ఫ్రాంట్స్ బృందం. ముందు 8 వరసల కంప్రెసర్, దాని వెనక గుండ్రంగా పేర్చిన 6 దహన గదులు, ఆ వెనక ఒకే ఒక్క వరస టర్బైన్. థ్రస్ట్ సుమారు 900 కిలోలు. మన టర్బోమెషినరీ పుస్తకంలో బొమ్మకీ దీనికీ పెద్ద తేడా లేదు. అందుకే మొదటిసారి చేసేవాళ్ళకి ఇదే మంచిదని నా అభిప్రాయం. ఇప్పటి టర్బోఫ్యాన్ అయితే పైన పైపుల అడవిలో అసలు ఇంజినే కనిపించదు.

ఇంకో కారణం కూడా ఉంది. డయోరమాలో ఇంజిన్ బయటికి తీసి పెట్టామంటే చూసేవాళ్ళకి "ఎందుకు తీశారు?" అనిపించకూడదు. ఈ విమానానికి ఆ బాధ లేదు. జుమో 004 ఆయుష్షు 25 గంటలు. చాలా ఇంజిన్లు 10 గంటలు దాటితేనే గొప్ప. నికెల్, క్రోమియం లాంటి లోహాలు దొరక్క, వేడి తగిలే భాగాలని మామూలు మైల్డ్ స్టీల్‌తో చేసి, తుప్పు పట్టకుండా పైన అల్యూమినియం పూత వేశారు. అది ఎంతకాలం ఆగుతుంది? కాబట్టి రెక్క కింద కవర్లు తెరిచి ఇంజిన్ దించుతున్న మెకానిక్కులు అక్కడ రోజూ కనిపించే దృశ్యమే.

ఇక పని. ముందు కొలతలు. అసలు ఇంజిన్ పొడవు 3.86 మీటర్లు, గరిష్ఠ వ్యాసం సుమారు 81 సెంటీమీటర్లు. నా మోడల్ 1/32 స్కేల్, కాబట్టి పొడవు 120.6 మి.మీ., వ్యాసం 25 మి.మీ. పైచిలుకు. ఇంత సులువైన లెక్కలోనూ నేను బోల్తా పడ్డాను. డ్రాయింగ్ ప్రింట్ తీసేటప్పుడు "ఫిట్ టు పేజ్" టిక్కు తీసేయడం మర్చిపోయాను. కాగితం మీద కొలిచి కోసిన మొదటి ఇంజిన్ 113 మి.మీ. వచ్చింది. అది పూర్తయి రెక్క కింద పెట్టి చూసేదాకా నాకు తెలియనే లేదు! మూడు వారాల పని. ఇప్పుడు ఏ డ్రాయింగ్ మీదైనా మూలన 100 మి.మీ. గీత ఒకటి గీసి, ప్రింట్ రాగానే స్కేలు పెట్టి కొలుస్తాను. మీరు ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

బాడీకి ఖరీదైన సరుకు అక్కర్లేదు. ఇళ్ళలో వైరింగ్‌కి వాడే పీవీసీ కాండ్యూట్ పైపు 25 మి.మీ. సైజులో ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. దహన గదుల భాగానికి అది సరిగ్గా సరిపోయింది. ముందున్న కంప్రెసర్ భాగం కాస్త సన్నం, దానికి 20 మి.మీ. పైపు. రెండూ కలిసే చోట ఏటవాలుగా ఉండాలి. ఆ సందుని పుట్టీతో నింపి, డ్రిల్లింగ్ మెషిన్‌కి బిగించి తిప్పుతూ నీళ్ళ ఎమరీ పేపర్ పట్టాను. హాస్టల్లో లేతు ఎక్కడినుంచి వస్తుంది మరి! వర్క్‌షాప్ ల్యాబ్‌లో లేతు ముందు మొదటిసారి నిలబడినప్పుడు కలిగిన భయం లేదు గానీ, పుట్టీ దుమ్ముకి మాస్క్ మాత్రం కచ్చితంగా పెట్టుకోండి.

వెనకవైపు నాజిల్ మధ్యలో ఒక కోన్ ఉంటుంది. అది ముందుకీ వెనక్కీ జరుగుతూ పొగ బయటికి పోయే దారి వెడల్పుని మారుస్తుంది. జర్మన్లు దానికి పెట్టుకున్న పేరు "ఉల్లిపాయ". చూడడానికి అచ్చం అలాగే ఉంటుంది కూడా. చెక్క పుల్లని డ్రిల్‌లో తిప్పి అరగదీస్తే పది నిమిషాల్లో తయారు. ముందువైపు ముక్కు మధ్యలో ఇంకో తమాషా ఉంది. జెట్ ఇంజిన్‌ని తిప్పి లేపడానికి అందులో రీడెల్ అనే చిన్న టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్ దాచారు. ముక్కు చివర రింగు ఉంటుంది, అవసరమైతే దాన్ని లాగి స్టార్ట్ చేయొచ్చు. మా ఊళ్ళో పొలానికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్ తాడు లాగినట్టే. ఆ రింగుని ఒక్క పోగు రాగితీగతో చుట్టాను. డయోరమా చూసినవాళ్ళలో ఎక్కువమంది అడిగింది దాని గురించే.

బ్లేడ్ల దగ్గర మాత్రం ఓపిక కావాలి. కూల్‌డ్రింక్ టిన్ను రేకుని గుండ్రంగా కత్తిరించి, అంచునుంచి మధ్యకి చీలికలు పెట్టి, ఒక్కో చీలికనీ ట్వీజర్స్‌తో ఒకే కోణంలో తిప్పాలి. టర్బైన్‌కి 61 బ్లేడ్లు. 61 ప్రధాన సంఖ్య, కాబట్టి వృత్తాన్ని సగం, సగంలో సగం అని మడతపెట్టి భాగించడం కుదరదు. క్యాడ్‌లో పోలార్ అర్రే వేసి ప్రింట్ తీసి రేకు మీద అతికించుకున్నాను.

ఈ బ్లేడ్లకి ఒక కథ ఉంది, మెకానికల్ వాళ్ళకి నచ్చుతుంది. 1943లో ఇవి తిరుగుతూ తిరుగుతూ విరిగిపోయేవి. కారణం వైబ్రేషన్ అని చివరికి తేల్చింది మాక్స్ బెంటెలె అనే ఇంజినీరు. 6 దహన గదులంటే ప్రతి బ్లేడుకీ ఒక్కో చుట్టుకి 6 సార్లు తోపు తగులుతుంది. నిమిషానికి 9,000 చుట్లంటే సెకనుకి 150, ఆరుతో గుణిస్తే 900 హెర్ట్జ్. టర్బైన్ వెనకున్న 3 స్ట్రట్లు దీనికి తోడయ్యాయి. బ్లేడు సహజ పౌనఃపున్యం ఆ చుట్టుపక్కలే ఉంటే ఇంకేముంది, రెజొనెన్స్! బ్లేడు పొడవు 1 మి.మీ. తగ్గించి, చివరికి ఇంకాస్త సన్నబరిచి, వేగాన్ని 8,700కి దించారు. అంతకుముందు బ్లేడ్ల పౌనఃపున్యం తెలుసుకోవడానికి ఒక సంగీతకారుణ్ణి పిలిచి, వయొలిన్ కమానుతో మీటించి శ్రుతి చెప్పించారని కూడా అంటారు.

ఇంత ఇష్టంగా రెండు వారాలు కూర్చుని 61 బ్లేడ్లూ తిప్పానా, తీరా అతికించాక చూస్తే ఉల్లిపాయ అడ్డం వచ్చి ఒక్కటీ కనిపించదు. ఫోన్ టార్చి వేసి, ఒక కన్ను మూసి, పక్కనుంచి చూస్తే నాలుగైదు మెరుస్తాయి. రెండో ఇంజిన్‌కి నల్ల రంగు వేసిన బిళ్ళ పెట్టేస్తాను.

పైపులకి పాత ఫ్యాన్ మోటార్ వైండింగ్ తీగ, సోల్డరింగ్ సీసం తీగ వాడాను. సీసం తీగ చెప్పినట్టు వంగుతుంది. ఫ్లాంజ్ మీద బోల్టులకి సూది మొనతో ఫెవికాల్ చుక్కలు పెట్టి ఆరనిస్తే చిన్న బుడిపెల్లా నిలుస్తాయి. రంగులేశాక ఫెవిక్విక్ జోలికి పోకండి. దాని ఆవిరికి చుట్టూ తెల్లటి పొర పడుతుంది.

రంగు విషయంలో నాకు చాలామంది మోడలర్లతో పేచీ ఉంది. జెట్ ఇంజిన్ అనగానే నెమలి కంఠంలా నీలం, ఊదా పులిమేస్తారు. ఉక్కు వేడెక్కి ఆక్సైడ్ పొర కడితే వచ్చే రంగులవి. అల్యూమినియం పూత ఉన్న చోట అలా రావు. అందుకని వెనక భాగానికి మాసిపోయిన బూడిద రంగు, నాజిల్ దగ్గర పొగచూరిన గోధుమ రంగు వేశాను. మెరుపు తగ్గింది, నిజమే.

ఇదంతా అవుతుండగా ఒకరాత్రి మా రూమ్మేట్, "ఒరేయ్, ఇంత కష్టపడి నాజీల విమానమేనా చేసేది?" అన్నాడు. "ఇంజినీరింగ్ కోసం రా" అన్నాను. అన్నానే గానీ నిద్ర పట్టలేదు. ఈ ఇంజిన్లు ఎక్కడ తయారయ్యాయో నేను అంతకుముందే చదివాను. చదివి, పక్కన పెట్టాను. యుద్ధం చివర్లో యుంకర్స్ వీటిని నార్డ్‌హౌజెన్ దగ్గర కొండ కింద సొరంగాల్లో చేయించింది. చేసింది మిట్టెల్‌బౌ-డోరా నిర్బంధ శిబిరం ఖైదీలు. ఆ శిబిరానికి తెచ్చినవాళ్ళు సుమారు 60,000 మంది, చనిపోయినవాళ్ళు కనీసం 20,000. విమానం బాడీలు చేసిన గూసెన్ సొరంగాల్లోనూ ఖైదీలే. నేను చుక్క చుక్కగా పెట్టిన బోల్టుల్లో అసలువాటిని బిగించిన చేతులు ఎవరివో అని అప్పటిదాకా ఆలోచించలేదు.

మోడల్ ఆపలేదు. దృశ్యం మార్చాను. ముందు అనుకున్నది నవ్వుతూ పని చేసుకునే జర్మన్ మెకానిక్కులు. ఇప్పుడది 1945 మే నెల, లెక్‌ఫెల్డ్ ఎయిర్‌ఫీల్డ్. కర్నల్ హెరాల్డ్ వాట్సన్ బృందం పట్టుబడిన మీ 262లని అక్కడ పోగుచేసి, బాగుచేసి అమెరికాకి తరలించింది. కాబట్టి ఇంజిన్ ఇక్కడా బయటే ఉంటుంది. స్టాండ్ మీద ఇంజిన్, దాని ముందు చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డ ఒక అమెరికన్ సైనికుడు, అంతే.

టెక్‌ఫెస్ట్‌లో పెట్టినప్పుడు కార్డు మీద థ్రస్ట్, చుట్లు, బరువు 719 కిలోలు అని రాసి, కింద డోరా గురించి రెండు వాక్యాలు రాశాను. "టెక్నికల్ స్టాల్లో అవన్నీ దేనికి, తీసెయ్" అన్నారు ఒకరు. తీయలేదు, విడిగా ఇంకో కార్డు చేసి ఇంజిన్ స్టాండ్‌కి ఆనించి పెట్టాను. ఫస్టియర్ పిల్లలు కొందరు ముందు రింగు చూసి నవ్వారు, తర్వాత ఆ కార్డు చదివారు. ఒకమ్మాయి రెండోసారి వంగి ఇంజిన్ వైపు చూసి, "వాళ్ళకి ఇది జెట్ ఇంజిన్ అని తెలుసా అన్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కుడి రెక్క ఇంజిన్ ఇంకా మిగిలే ఉంది. కాండ్యూట్ పైపు కోసి పెట్టాను, ఈసారి 120.6 మి.మీ. ఉందో లేదో రెండుసార్లు కొలిచాను. గ్లూ వాసన పడేవాళ్ళెవరైనా ఉంటే సాయంత్రం ఆరు తర్వాత మా రూముకి రండి.