క్యానిస్టర్ ఫిల్టర్‌ను కుళాయి కింద కడుగుతున్నారా? చేపల ప్రాణాలకే ముప్పు.. ఈ పద్ధతి తెలుసుకోండి!

ఫిల్టర్‌ను తళతళలాడేలా కడిగారు.. అక్వేరియంలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. కానీ రెండు మూడు రోజులకే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. చాలామంది ఇళ్లలో ఇదే జరుగుతోంది. కారణం ఫిల్టర్ మురికిగా ఉండటం కాదు, అతిగా శుభ్రం చేయడం!

ఆ జిగురు మురికి కాదు

చేపల వ్యర్థాలు, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. ఫిల్టర్‌లోని స్పాంజ్, సిరామిక్ రింగ్స్‌పై పెరిగే బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఆ నీళ్లతో కడిగితే ఈ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. సబ్బు, సర్ఫ్ జోలికి అసలే వెళ్లొద్దు.

ఇలా శుభ్రం చేయండి

* ముందు స్విచ్ ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి. రెండు పైపుల ట్యాప్‌లు మూసి, ఫిల్టర్‌ను విడదీయండి.
* అక్వేరియం నుంచే ఒక బకెట్ నీళ్లు తీసుకోండి. స్పాంజ్‌ను అందులోనే పిండండి. సిరామిక్ రింగ్స్‌ను ఊరికే ఒకసారి ముంచి తీస్తే చాలు.
* స్పాంజ్, రింగ్స్ అన్నీ ఒకేసారి కొత్తవి వేయొద్దు. ఈసారి ఒకటి మారిస్తే, కొన్ని వారాలు ఆగి ఇంకొకటి మార్చండి.
* మోటార్‌లో తిరిగే ఇంపెల్లర్‌కు పట్టిన జిగురును చిన్న బ్రష్‌తో తీసేయండి.
* మూత చుట్టూ ఉండే రబ్బరు రింగును తుడిచి, కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. అక్కడ ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీళ్లు కారతాయి.

మళ్లీ ఆన్ చేసేటప్పుడు

చాలామంది తొందరపడేది ఇక్కడే. మూత బిగించి, పైపులు కలిపి, ట్యాప్‌లు తెరవండి. వెంటనే స్విచ్ వేయొద్దు. పైనున్న ట్యాంక్ నుంచి నీళ్లు దిగి డబ్బా నిండాలి, లోపలి గాలి బయటకు పోవాలి. ప్రైమింగ్ బటన్ ఉన్న మోడల్ అయితే దాన్ని కొన్నిసార్లు నొక్కండి. డబ్బా నిండాకే ఆన్ చేయండి. నీళ్లు లేకుండా తిరిగితే మోటార్ పాడవుతుంది. గరగరమని శబ్దం వస్తే లోపల గాలి మిగిలినట్టే. డబ్బాను మెల్లగా అటూ ఇటూ వంచితే పోతుంది. మొదటి గంట కింద ఒక పొడి గుడ్డ పరచండి. లీకేజీ ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

కరెంట్ పోతే జాగ్రత్త

గంటల తరబడి కరెంట్ లేకపోతే మూసి ఉన్న డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చనిపోతుంది, నీళ్లు కుళ్లిపోతాయి. కరెంట్ రాగానే ఆ నీళ్లన్నీ ట్యాంక్‌లోకే! అందుకే ఎక్కువసేపు కరెంట్ పోతే ప్లగ్ తీసేయండి. డబ్బాలోని నీళ్లు పారబోసి, స్పాంజ్‌ను ట్యాంక్ నీళ్లలో జాడించాకే మళ్లీ ఆన్ చేయండి.

ఫిల్టర్ కడిగిన తర్వాత రెండు రోజులు మేత తగ్గించండి. చేపలు నీరసంగా కనిపిస్తే అమ్మోనియా టెస్ట్ చేసి, నాలుగో వంతు నీళ్లు మార్చండి. కొత్తగా పోసే కుళాయి నీళ్లలో యాంటీ క్లోరిన్ మందు కలపడం మర్చిపోవద్దు.