సంగీతం రానివాళ్ల కోసం వాద్యాలు

పుదుచ్చేరి దాటి ఉత్తరంగా పది కిలోమీటర్లు వెళ్తే ఆరోవిల్. అక్కడ కొట్టకరై దగ్గర 'స్వరం' అనే వాద్యాల కార్ఖానా ఉంది. ఐరోపా నుంచి వచ్చి స్థిరపడిన ఔరేలియో 2003లో దీన్ని మొదలుపెట్టారు. చుట్టుపక్కల తమిళ పల్లెల యువకులకు చెక్కపని, లోహపు పనితోపాటు శ్రుతిజ్ఞానమూ నేర్పారు. నేల విల్లుపురం జిల్లాది, బజారు మాత్రం పుదుచ్చేరిది. ఊరు చూడటానికి వచ్చినవాళ్లు పెట్టెలో పట్టే వస్తువు కొనుక్కెళ్తారు. అందుకే గాలికి మోగే గొట్టాల విండ్ చైమ్స్.

అలంకార వస్తువనుకుంటాం గానీ, విండ్ చైమ్ కచ్చితమైన వాద్యం. గొట్టానికి తాడు ఎక్కడ కట్టాలన్నదే కీలకం. చివరి నుంచి మొత్తం పొడవులో 22.4 శాతం దగ్గర కట్టాలి. 60 సెంటీమీటర్ల గొట్టానికి అది సుమారు 13.4 సెంటీమీటర్లు. కొట్టినప్పుడు గొట్టంలో కదలకుండా ఉండే చోటు అది. ఇంకోచోట కడితే తాడే నాదాన్ని మింగేస్తుంది. పై స్థాయి షడ్జమం కావాలంటే తీగనైతే సగానికి నొక్కితే చాలు. గొట్టం లెక్క వేరు: 60ని 42.4కి కోయాలి. కాస్త ఎక్కువ కోశామా, శ్రుతి పైకి పోయినట్టే. స్వరాల ఎంపికలోనూ తెలివి ఉంది. మోహనంలాంటి ఐదు స్వరాల వరుసలో పక్కపక్క స్వరాల మధ్య అర్ధస్వరం ఉండదు. గాలి ఏ గొట్టాన్ని ముందు తాకినా అపశ్రుతి వినిపించదు.

ఇక్కడ రాతినీ పలికిస్తారు. దిమ్మెలో వరుసగా చీలికలు కోస్తారు. చీలిక లోతయ్యేకొద్దీ నాదం మంద్రమవుతుంది. తడి చేత్తో రుద్దితే చాలు, రాయి మోగుతుంది. హంపీ విఠలాలయంలో మోగే స్తంభాలు చూసిన మనకు ఇది కొత్త కాదు. కానీ ఆ స్తంభాల మీద ఇప్పుడు చెయ్యి వేయనివ్వరు. ఇక్కడ చెయ్యి వేయడానికే రాయి.

చిన్న బ్రాండ్ ఎలా నిలబడుతుందో నాకిక్కడే అర్థమైంది. వీణ కొనేవాళ్లు దాన్ని ఏళ్లతరబడి నేర్చుకోవాలి, కొన్నాక మళ్లీ చాలాకాలం దుకాణం ముఖం చూడరు. స్వరం ఆ కొద్దిమంది కోసం కాచుక్కూర్చోలేదు. బడిపిల్లలు, యోగా, ధ్యానం చేసేవాళ్లు, పార్కులకు వచ్చేవాళ్లు, ఇలా ఎన్నడూ వాద్యం ముట్టనివాళ్ల దగ్గరికే వెళ్లింది.

మన బొబ్బిలి గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేసే ఆ చేతులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. చేతినిండా పని మాత్రం సన్మాన సభల్లో ఇచ్చే బుల్లి వీణలదే. వాటిని అద్దాల పెట్టెలో పెట్టుకుంటాం, మీటం. ఆ జ్ఞాపికే పలికితే ఎంత బాగుంటుంది! అదే పనస చెక్కతో, నాలుగు తీగలతో, ఆరేళ్ల పిల్ల ఒళ్లో పెట్టుకుని మీటగల చిన్న తంబురాను బొబ్బిలి తన పేరుతో అమ్మాలి. జ్ఞాపికలు కొనే ప్రభుత్వ శాఖలు, కళాశాలలు ముందు దాన్ని అడగాలి.