ఎముకలో లింఫోమా: కాలు తీసెయ్యాలా?

బొర్రా గుహల్లోకి మెట్లు దిగుతుంటే ఎవరికైనా ఒక ప్రశ్న తడుతుంది. పైనుంచి నిండుగా కనిపించే కొండ లోపల ఇంత బొరియ ఎలా పడింది? సున్నపురాయిని నీళ్లు లోలోపలే కరిగించాయి. పైనున్న చెట్టుకి ఆ సంగతే తెలియదు. ఎముకలో పుట్టే లింఫోమా గురించి అడిగేవాళ్లకి నేను ముందు ఆ కొండనే గుర్తుచేస్తాను. కాకపోతే గుహలో ఖాళీ పెరిగింది, ఎముకలో మూలుగ ఉండాల్సిన చోటు జబ్బు కణాలతో నిండిపోతుంది.

లింఫోమా అంటే మెడలోనో చంకలోనో గజ్జల్లోనో బిళ్ళ కట్టడమే కదా, ఎముకలోకి ఎలా వచ్చింది? చాలామంది అడిగేది ఇదే. లింఫోమా లింఫోసైట్లు అనే తెల్లకణాల క్యాన్సర్. ఆ కణాల పుట్టిల్లే ఎముక మూలుగ. అక్కడున్న ఒక కణంలో జన్యువులు చెడి, అది అదుపు లేకుండా పిల్లలు పెడితే, జబ్బు ఎముకలోనే మొదలవుతుంది. ఎక్కువగా కనిపించేది పెద్ద బి కణాల రకం. తొడ ఎముకకి ఎక్కువ వస్తుంది. తుంటి, వెన్ను, భుజం ఎముకలకీ వస్తుంది. అంటుకునేది కాదు. పడిన దెబ్బ వల్ల పుట్టదు. దెబ్బ తగిలి ఫోటో తీయించినప్పుడు బయటపడుతుంది, అంతే.

ఇది అరుదు. లింఫోమాలన్నిటిలో నూటికి రెండు కూడా ఉండవు. అందుకే పొరబాటు సులభం. మన్యంలో ఎముక నొప్పికి కారణాలు వేరే చాలా ఉన్నాయి. సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్లకి నొప్పులొస్తాయి, కానీ అవి చిన్నప్పటినుంచీ వచ్చిపోతుంటాయి. ఎముక క్షయ ఉంది, చీము పట్టడం ఉంది. లింఫోమా నొప్పి ఒకేచోట కూర్చుని వారం వారం పెరుగుతుంది, రాత్రి నిద్ర లేపుతుంది. అయినా మనిషి తిరుగుతూనే ఉంటాడు. జ్వరం, చిక్కిపోవడం చాలామందిలో ఉండవు. పసరు కట్టు కట్టి, నూనెతో తోమి నెలలు గడుపుతారు. లోపల బలహీనపడిన ఎముకని గట్టిగా తోమితే విరిగిపోవచ్చు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మరి నొప్పెందుకు? ఈ కణాలు ఎముక పైపెంకును పెద్దగా కూల్చకుండా, అందులోని సన్నటి దారుల గుండా బయటి కండలోకి పాకగలవు. పెంకు నిలిచే ఉంటుంది గనుక ఎక్స్‌రే మామూలుగా కనిపించవచ్చు. ఎమ్మారైలో మూలుగ అంతా మారిపోయి కనిపిస్తుంది. అంతమాత్రాన జబ్బు పేరు తేలదు. ముక్క తీసి పరీక్ష చేయాల్సిందే. మైక్రోస్కోపు కింద ఈవింగ్ సార్కోమా అనే మరో ఎముక క్యాన్సర్ కణాలూ ఇలాగే గుండ్రంగా ఉండొచ్చు. కణాల మీదుండే సీడీ20 వంటి గుర్తులకు రంగులు వేసి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ముక్క పరీక్షకి ముందు స్టెరాయిడ్ మాత్రలు, సూదులు వద్దు. వాటికి లింఫోమా కణాలు కొంత కరిగిపోయి, పరీక్షలో దొరక్కుండా పోతాయి. జబ్బు పేరు తేలాక పెట్ స్కాన్‌లో అది ఇంకెక్కడైనా ఉందేమో చూస్తారు.

కాలు తీసెయ్యాలా? అక్కర్లేదు. 1939లో పార్కర్, జాక్సన్ అనే అమెరికా వైద్యులు 17 మంది రోగుల వివరాలు కూర్చి, ఇది మిగతా ఎముక క్యాన్సర్లలాంటిది కాదని, వీళ్లు మెరుగ్గా బతుకుతున్నారని చూపించారు. ఇప్పుడు రిటుక్సిమాబ్‌తో పాటు నాలుగు మందులు, మూడు వారాలకోసారి, సాధారణంగా ఆరుసార్లు ఇస్తారు. కొందరికి రేడియేషన్ కలుపుతారు. ఎముక విరిగితే రాడ్ వేస్తారు. జబ్బు ఒకే ఎముకలో ఉన్నప్పుడు నూటికి 80 మంది దాకా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. ఎముక క్యాన్సర్ అన్న మాట వినగానే ఆశ వదిలేసే ఇళ్లలో ఈ సంగతి చెప్పాలి.

ఆ మందుల్లో విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. అలాగని ఆకు నూరి తాగకూడదు, విషం. రిటుక్సిమాబ్‌కి ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే నిద్రపోతున్న వైరస్‌ని ఈ మందు లేపవచ్చు. అదే మందుల్లోని డాక్సోరూబిసిన్‌కి ముందు గుండె పరీక్ష చేస్తారు. చికిత్స అయ్యాక కూడా ఎమ్మారైలో మచ్చ చాలాకాలం ఉండిపోవచ్చు. దాన్ని చూసి భయపడొద్దు, పెట్ స్కాన్‌లో చూసి తేలుస్తారు.

రెండు మూడు వారాలైనా తగ్గని నొప్పి ఒకే ఎముకలో ఉంటే బొర్రా గుహలు స్టేషన్‌లో విశాఖ బండెక్కండి. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు వెంట పెట్టుకోండి. వెన్ను నొప్పితో పాటు కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగినా మర్నాటి దాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.