నాయకత్వంపై పరిశోధన: గైడు చేయాల్సిన పని

దళిత నాయకత్వం మీద పరిశోధనకొచ్చే కొత్త విద్యార్థికి ఎక్కువగా దొరికే సలహా ఒకటే: 'ఒక నాయకుణ్ణి పట్టుకో, జీవిత చరిత్ర రాసెయ్.' అది చాలదని మేమంటున్నాం.

అసలు నాయకత్వమంటే ఎవరిది? 1985 జులై 16న కారంచేడులో తాగే చెరువు నీళ్ల దగ్గర గొడవ జరిగింది. తన మీదికొచ్చిన దెబ్బకు ఎదురుగా బిందె ఎత్తింది మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ. మర్నాడు కమ్మ భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగలు చనిపోయారు. మిగిలినవాళ్లు చీరాల చేరారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం పేర్లు మనకు తెలుసు. మరి చీరాల శిబిరంలో నిలబడ్డ ఆడవాళ్లను ఏ అధ్యాయంలో పెడతాం? ఈ ప్రశ్న విద్యార్థికే తట్టేలా చేయటం గైడు మొదటి పని.

రెండోది, విభేదించే హక్కు. లండన్‌లో అంబేద్కర్ గురువు ఎడ్విన్ కానన్. 1923లో అచ్చయిన 'ది ప్రాబ్లం ఆఫ్ ది రుపీ'కి ముందుమాట రాస్తూ, శిష్యుడి వాదనల్లో చాలావాటిని తాను ఒప్పుకోనన్నాడు. అయినా ఆ ఆలోచనల్లో కొత్తదనం ఉందని మెచ్చుకున్నాడు. ఒప్పుకోకుండానే వెనక నిలబడ్డాడు.

'నీ వాడ గురించి నువ్వే రాస్తే నిష్పాక్షికత ఉంటుందా?' అని మన పిల్లల్నే అడుగుతారు. అగ్రకులాల వాళ్లను ఎవరూ అడగరు. ఆ మాటకు జవాబు చెప్పే ధైర్యాన్నీ, ఆధారాలు పేర్చే పద్ధతినీ నేర్పేవాడే గైడు. సేకరించిన సమాచారాన్ని తన పేరుతో అచ్చేసుకునేవాడు కాదు.